రీవైండింగుకు పోయిన మోటారు

మోటారు కాలిపోయిందని శ్రీకాంత్ చెప్పినప్పుడు వెంకటలక్ష్మమ్మ ఇట్టే నమ్మింది. ఎండాకాలం వచ్చిందంటే మా కంబదూరు పక్క బోరు మోటార్లు కాలడం, పిల్లలకు జలుబు చేసినంత మామూలు. కొడుకే పైపులు పైకి లాగించి, మోటారును ఆటోలో వేసుకుపోయి రీవైండింగుకు ఇచ్చి వచ్చానన్నాడు. వారం దాటినా దాని జాడ లేదు. అడిగితే రాగివైరు దొరకలేదట, షాపాయన పెళ్లికి పోయాడట. చెప్పే నోటికి కరువు లేదు గానీ, తోటలో చీనీ చెట్లు, అవే బత్తాయి చెట్లు, మాత్రం ఆకు ముడుచుకున్నాయి. మొదటి కాపు, పిందె రాలిపోతోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే చెట్లే మిగలవు.

ఇక ఉండబట్టలేక ఆమె బస్సెక్కి రీవైండింగు షాపు ఇమాంసాబ్ దగ్గరికి పోయింది.

“మీ మోటరు నా కాడికి రిపేరికి రాలేదక్కా,” అన్నాడు ఇమాంసాబ్, చేతిలో పని ఆపి. “అమ్ముతానని తెచ్చినాడు మీవోడు. బాగుండే మోటరు ఎందుకమ్ముతావప్పా, మీ నాయనను పిలుచుకొని రా అంటి. అలిగి పోయినాడు. పాత సామాన్ల షాపులో ఇచ్చినాడంట. ఇంకా ఆడే ఉండాది, పొద్దున చూసినా. బిరీన దుడ్లు కట్టి తెచ్చుకోండి.”

“వానికి దుడ్లెందుకు ఇమాంసాబ్?”

ఇమాంసాబ్ చెప్పలేక చెప్పాడు. ఫోన్లో తుపాకుల గేము ఒకటి ఉందట. ఎక్కడో ఎవరో జట్లు కట్టి ఆడుతుంటే, ఎవరు గెలుస్తారని ఇక్కడ వీళ్లు పందెం కడతారట. అంటే ఆడేది కూడా వీడు కాదు! ఎవడో ఆడే ఆటకు ఇంట్లో మోటారు అమ్ముకున్నాడా! కొడుకు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదే.

ఇంటికి వచ్చీ రాగానే ట్రంకుపెట్టెలోని పాల డబ్బులు తీసి మొగుడు పుల్లన్న చొక్కా జేబులో పెట్టింది. జరిగిందంతా చెప్పింది.

“ముందర వాన్ని నాలుగు తన్ను. ఆమీట పోయి మోటరు తీసుకొని రా.”

పుల్లన్న మొహం జేవురించింది. కోపిష్టి మనిషి. ఆ కోపానికి ఆమె ఎన్నోసార్లు భయపడింది గానీ, ఇవాళ మాత్రం దాన్ని చూసి ధైర్యం వచ్చింది. ఆయన వసారాలో పడుకున్న కొడుకు చొక్కా పట్టుకుని లేపి నిలబెట్టాడు.

శ్రీకాంత్ కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. ఏడ్చేశాడు.

“మోసం చేయల్లని కాదు నాయనా! మొదట్లో గెలిచినా. చెట్లకు ఎరువు తెచ్చింది ఆ దుడ్లతోనే. ఈ సేద్యంతో ఎప్పటికి పైకొస్తాం? ఇది గుడ్డి లక్కు గాదు. ఆ పిల్లోళ్ల ఆట దినామూ చూస్తాండా. ఎవడు యాడ తడబడతాడో నాకు తెలుసు. మొన్న ఒక్క తూటా తేడాతో పోయింది నాయనా. ఒకే ఒక్క తూటా!”

చొక్కా మీద పుల్లన్న పట్టు సడలింది.

“ఒక్క తూటానా?”

ఆ గొంతు వెంకటలక్ష్మమ్మకు బాగా తెలుసు. ఒకప్పుడు ఈ మనిషి బోరు మీద బోరు వేయించాడు. వేసిన ప్రతిచోటా దుమ్మే లేచింది. ప్రతిసారీ ఒళ్లంతా ఆ దుమ్ముతోనే ఇంటికొచ్చి, “ఇంకో పదడుగులు దింపింటే నీళ్లు పడతాండె” అనేవాడు. ఆమె కమ్మలు, ఎడ్లు, దిగువ చేను అన్నీ ఆ గుంతల్లోకే పోయాయి. చివరికి ఒక బోరులో నీళ్లు పడ్డాయి. ఊరంతా పండగ చేసుకుంది. అదే కొంప ముంచింది. ఆ నీళ్లు పడకపోయి ఉంటే ఆయనకు బుద్ధి వచ్చేదేమో! పడ్డాయి గనక, అంతకుముందు పోయినవన్నీ ఆయన దృష్టిలో సరైన పనులే అయిపోయాయి.

“ఈ పొద్దు ఆట ఉండాదా?” అడిగాడు పుల్లన్న.

“ఉండాది నాయనా. ఇంకొంచేపటికి.”

“గవర్మెంటోళ్లు ఈ పందేలు మూయించినారన్నారే?”

“ఒక లింకు మూస్తే ఇంకోటి పంపిస్తారు.”

పుల్లన్న కొడుకు చొక్కా వదిలేసి వాడి పక్కన చతికిలబడ్డాడు. మెడ చాచి, శ్రీకాంత్ తెరిచిన ఫోన్లోకి చూశాడు.

“మనోళ్లెవురు?”

“ఏమప్పా, మోటరు తెస్తావా లేదా?” అరిచింది వెంకటలక్ష్మమ్మ.

“తెస్తాలే, ఉండు. మోటరు యాడికి పోతాది? వాడు చెప్పేది విననీ.”

“చెట్లు సస్తాండాయి!”

“ఇంకొకటి గెలిస్తే కొత్త మోటరే వస్తాదిలేమే.”

అప్పుడామెకు అర్థమైంది, ఈ ఇంట్లో కొట్టేవాడు, తిట్టేవాడు, ఆపేవాడు ఎవడూ లేడని. ఆనాడు బోరు బండి వచ్చినప్పుడల్లా నోరు మూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

“ఆ దుడ్లిట్లియ్యి. నేనే పోయి తెచ్చుకుంటా,” అంటూ వంగి మొగుడి జేబు వైపు చేయి చాపింది.

ఆమె చేయి అందేలోపే, ఫోన్లోంచి కళ్లు ఎత్తకుండానే, పుల్లన్న అరచేత్తో జేబు మూసుకున్నాడు.