ముందు చక్రానికి మూడు పూతలు

మా ఆయన ఏ పనీ సగంలో వదిలిపెట్టడు. ఆ గుణమే ఆ రోజు మా కొంప ముంచబోయింది.

ఆయన చెక్క సామానుకు పాలిష్ పెట్టే పనివాడు. కుర్చీకి పాలిష్ పెట్టమంటే దాన్ని తలకిందులు చేసి కాళ్ళ అడుగున కూడా పెడతాడు. అడుగున ఎవరు చూస్తారండీ అని అడిగితే, చెమ్మ చూస్తుంది అంటాడు. తలుపుకు పెట్టమంటే గడియ, పిడి, బందులు అన్నీ ఊడదీసి, తళతళలాడేదాకా తోమి, వాటికీ మైనం రుద్ది మళ్ళీ బిగిస్తాడు. ఇనుముకు మైనం పడితే తుప్పు దగ్గరికి రాదట. కూలి మాత్రం తలుపుకే ఇస్తారు. ఆ మాట నేనంటే వినబడనట్టు గుడ్డ దులుపుకుంటాడు. పెళ్ళైన కొత్తలో నా కుట్టుమిషను చక్రానికి కూడా రుద్దబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

మేముండేది కొండ మీద ఇళ్ళ వరసల్లో. మా అమ్మాయి కొండ కింద బజారులో కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. వెళ్ళి రావడానికి ఎవరో వాడిన ఎర్ర స్కూటరు ఒకటి కొనుక్కుంది. పొద్దస్తమానం దుకాణం ముందు ఎండలో నిలబడి ఆ ఎరుపు వెలిసిపోతోంది. ఇంకొన్నాళ్ళు పోతే గులాబీరంగు స్కూటరు ఎక్కి తిరగాలి నాన్నా, దీనికేదైనా వ్యాక్స్ రాయి అని వాళ్ళ నాన్నను అడిగింది. ఎక్కువ ఖరీదు ఉండకూడదు, వచ్చేసారి తనే రాసుకునేంత తేలికగా ఉండాలి, వానాకాలం దాటేదాకా నిలవాలి. అంతే, ఆయనకు పండగొచ్చినట్టయింది. ఇంట్లో ఆయన విద్యను ఎవరైనా అడగడం అదే మొదలు.

వ్యాక్స్ ఎంచుకోవడానికి ఆయన పడ్డ పాట్లు చూస్తే అల్లుణ్ణి వెతుకుతున్నాడేమో అనుకునేవాళ్ళు. సీసాలో చిమ్మేది ఒకటి, డబ్బాలో ముద్దగా ఉండేది ఒకటి, ఏళ్ళ తరబడి ఉంటుందని దుకాణంవాడు ప్రమాణం చేసిన చిన్న సీసా ఒకటి, మూడూ తలా కాస్త సంపాదించుకొచ్చాడు. తన పాత మోపెడ్‌కు ఒక వైపు రేకు మీద మూడు మడులుగా రాసి, పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోసి, ముక్కు రేకుకు ఆనేంతగా వంగి చూసేవాడు. చిమ్మేది రాయడం సుఖమే కానీ నాలుగు వానలకే నీళ్ళు పరుచుకోవడం మొదలైంది. చిన్న సీసా గట్టిదే, కానీ రాసిన వెంటనే తుడవకపోతే మరకలు గట్టిపడి చస్తే పోవు, పైగా ఖరీదు. డబ్బాలో ముద్ద మాత్రం పలచగా రాసి, ఆరనిచ్చి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు, ఎన్నాళ్ళైనా నీళ్ళు ముత్యాల్లా దొర్లిపోతున్నాయి. ఒకటే షరతు, నీడలో రాయాలి. ఎండలో కాలిన రేకు మీద రాస్తే తెల్లగా అట్టకడుతుంది. ఇవన్నీ అన్నం తినేటప్పుడు మాకు పాఠం చెప్పేవాడు. అమ్మాయి నన్ను చూసి కన్ను గీటేది.

ఆదివారం గోడ నీడలో స్కూటరు నిలబెట్టి పని మొదలుపెట్టాడు. నేను లోపల జాకెట్లకు కాజాలు కుట్టుకుంటూ ఆ వైపు వెళ్ళలేదు. సాయంత్రం పిలిచి చూపించాడు. నిజం చెప్పొద్దూ, కళ్ళు చెదిరాయి. మర్నాడు పొద్దున అమ్మాయి హెల్మెట్ పెట్టుకుంటూ, దుకాణంలో అద్దాలకంటే ఇదే మెరుస్తోంది నాన్నా అంది. ఆయన ఏదో ఇంకా పని ఉన్నట్టు మొహం అటు తిప్పుకున్నాడు. అది వెళ్ళిపోయింది.

నేను ఆయన గుడ్డలు నానబెడదామని తీశాను. ఆయనకు రంగు తుడిచే గుడ్డ వేరు, లోహం తుడిచే గుడ్డ వేరు. రంగు గుడ్డకు ఎర్రగా అంటింది, సరే. రెండోది నల్లగా, జిడ్డుగా, మైనంతో బిరుసెక్కి ఉంది. స్కూటరుకు ఇంత లోహం ఎక్కడుందండీ అని మామూలుగానే అడిగాను. ఆయన టీ తాగుతూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. పొగగొట్టం, అద్దాల కాడలు, వెనక పట్టుకునే కడ్డీ.

"ముందు చక్రానికి చిల్లులు చిల్లులుగా స్టీలు పళ్ళెం ఉంటుంది చూడు. దాన్నిండా తుప్పు చారలే. అటూ ఇటూ రుద్ది మూడు పూతలు వేశాను. ఇప్పుడు వేలు పెడితే జారిపోతుంది."

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నాకు బండ్ల సంగతి తెలియదు. కానీ కుట్టుమిషను తెలుసు. పొరపాటున ఒక్క నూనెచుక్క బెల్టు మీద పడితే చాలు, నేనెంత తొక్కినా చక్రం తిరగదు, బెల్టు ఊరికే జారుతూ ఉంటుంది. అమ్మాయి బ్రేకు నొక్కినప్పుడు ఆ పళ్ళేన్నే కదా ఏదో పట్టుకునేది. పట్టుకోవలసినదాన్ని ఈయన జారిపోయేలా చేసి పెట్టాడు.

"ఏమండీ," అన్నాను, "బ్రేకు పట్టేది దాన్ని కాదూ?"

ఆయన నావైపు చూశాడు. గ్లాసు కింద పెట్టబోయి గట్టు మీద కాకుండా గాలిలో పెట్టాడు. అది పగిలింది. ఇద్దరం దానివైపు చూడలేదు.

ఫోను తీసి అమ్మాయికి కలిపాను. రెండుసార్లు మోగేసరికి నాకు ఇంకో భయం పుట్టింది. అది ఇప్పుడు మలుపులో ఉందేమో, ఫోను కోసం ఒక చెయ్యి వదులుతుందేమో. నిప్పు ముట్టుకున్నట్టు ఠక్కున కట్టేశాను. చెబితే చెప్పలేం, చెప్పకపోతే ఊరుకోలేం. ఈలోగా ఆయన, కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమది వెనకది, ఈ దిగుడుకు అదొక్కటే చాలదు అని గొణుగుతూ మోపెడ్ బయటికి లాగాడు. చొక్కా వేసుకోమనే ధ్యాస నాకూ లేదు. బనీను మీదే ఆయన ఎక్కాడు, కొంగులో కాజాల సూదితో నేను వెనక కూర్చున్నాను.

మా వీధి చివరిదాకా చదునే. అక్కడ బ్రేకుతో పనిలేదు. ఆ తరవాత రోడ్డు ఒక్కసారిగా కిందికి వంగుతుంది. ఒకవైపు రాతిగోడ, ఇంకోవైపు నడుమెత్తు పిట్టగోడ, దాని అవతల కింద ఇళ్ళ రేకుల కప్పులు. మలుపు మీద మలుపు. చిట్టచివర లారీలూ బస్సులూ కలిసే కూడలి. ఆ దారి నేను కొన్ని వందలసార్లు దిగి ఉంటాను. అది ఇంత నిలువుగా ఉందని ఆ రోజే తెలిసింది.

ప్రతి మలుపుకు ముందు నేను కళ్ళు మూసుకున్నాను. మలుపు తిరిగాక తెరిచాను. రోడ్డు ఖాళీగా ఉంటే ప్రాణం లేచొచ్చేది, మళ్ళీ వచ్చే మలుపుకు పోయేది. పిట్టగోడ మీద ఎక్కడైనా ఎర్రగీత పడి ఉందా అని వెతుకుతున్నానని నాకే అర్థమై, నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన వీపుకు చెయ్యి ఆనిస్తే బనీను తడిసి ముద్దయింది. లోపల గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తోంది.

ఒక మలుపు దగ్గర జనం గుమిగూడారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, అందరూ దేనివైపో వంగి ఉన్నారు. మా ఆయన ఆపాలనుకోలేదు, ఆయన చెయ్యే మోపెడ్ బ్రేకు నొక్కేసింది. మనసులో ఒకటే మాట, కాళ్ళూ చేతులూ పోయినా సరే, మనిషి ఉంటే చాలు. తల్లి అనుకోవలసిన మాటేనా అది? గుంపులోంచి ఒకావిడ నిండు బిందె ఎత్తుకుని బయటికొచ్చింది. వీధి కుళాయి దగ్గర గొట్టం పగిలి నీళ్ళు చిమ్ముతున్నాయి, అంతే. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, మీక్కూడా నీళ్ళు రావడం లేదా అని అడిగింది. ఆయన మోపెడ్ ముందుకి తోశాడు.

తరవాతి మలుపు తిరిగేసరికి కనిపించింది. చాలా కింద, ఒక ఇటుకల లారీ వెనకాల, ఎర్రగా, ఎండకు ధగధగలాడుతూ. పోల్చుకోవడానికి కళ్ళు చికిలించనక్కర్లేదు, అంత బాగా మెరుస్తోంది. ఆయన గొంతు చించుకుని కేకెయ్యబోయాడు. నేను వెనకనుంచి ఆయన నోరు మూశాను.

"అరవకండి. అరిస్తే బ్రేకు నొక్కుతుంది."

ఆయన తలూపాడు. హారను మీదనుంచి బొటనవేలు తీసేశాడు. ఇంతకంటే నరకం ఇంకోటి ఉండదు. కన్నకూతురు కళ్ళెదుట జారుడు మీద పోతోంది, పిలవడానికి లేదు. దొంగల్లాగా చప్పుడు చెయ్యకుండా దాని వెనక దిగుతున్నాం. లారీ ఎర్రదీపం వెలిగినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. లారీ ఆగితే ఇదీ ఆగాలి. దేనితో ఆగుతుంది?

కానీ అది ఎప్పటిలా పోవడం లేదు. మామూలుగా గాలిలా దిగే పిల్ల, ఆ రోజు లారీకి బాగా దూరంగా, రోడ్డు అంచు పట్టుకుని నత్తనడకన దిగుతోంది. మా ముసలి మోపెడ్ కూడా దాన్ని అందుకుంటోంది. అదెందుకో ఆలోచించే తెలివి అప్పుడు నాకు లేదు.

ముందు కూడలి కనిపించింది. బస్సులు అడ్డంగా పోతున్నాయి. ఇక ఊరుకోవడానికి లేదు. పక్కకి తీసుకెళ్ళండి అన్నాను. ఆయన దాని పక్కకి తెచ్చాడు, ఏదో అనబోయాడు. అప్పుడు నేనే చెప్పాను. దారిలో కూరగాయలు తెమ్మని చెప్పే గొంతుతో చెప్పాను. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

"చిట్టీ, మేమే. ఇటు చూడకు, రోడ్డు మీదే చూడు. కుడిచేతి బ్రేకు ముట్టుకోకు. ఎడమచేత్తో మెల్లమెల్లగా పట్టు."

అది ఉలిక్కిపడలేదు. మావైపు చూడలేదు. హెల్మెట్ ఒక్కసారి కిందికీ పైకీ కదిలింది. కొంచెం ముందు ఒక గోదాము గోడ పక్కన కంకర పోసిన జాగా ఉంది. స్కూటరు వేగం తగ్గుతూ, తగ్గుతూ, ఆ కంకరలోకి దిగి, కరకరమని ఆగింది.

నేను మోపెడ్ ఆగకముందే దిగి పడబోయాను. దాన్ని పట్టుకుని తల, భుజాలు, చేతులు అన్నీ తడిమాను. చిన్నప్పుడు కిందపడితే ఎలా తడిమేదాన్నో అలాగే. అది హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుపోయింది. పెదవి కొరుక్కుందేమో, చిన్న నెత్తురుబొట్టు ఉంది. ఆయన అప్పటికే వచ్చి స్కూటరు ఎడమ బ్రేకు రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడ్డాడు.

నీకు చెప్పాలని ఫోను చేశానే, నడుస్తున్న బండి మీద ఎత్తుతావని భయపడి కట్టేశాను అని ఏడుస్తూ ఏదేదో చెబుతున్నాను. బండికి బ్రేకు పట్టదని మాకెలా తెలిసిందో చెప్పబోతే అది మధ్యలోనే అందుకుంది.

"నాకు మొదటి మలుపులోనే తెలిసిందమ్మా. నొక్కితే జారింది. గోడకు కొట్టుకోబోయి తప్పించుకున్నాను."

మరి అక్కడే ఎందుకు ఆగలేదని నేను కోపంగా అడిగాను. బండి అక్కడే పడేసి ఇంటికి నడిచి రావచ్చు కదా అన్నాను. భయమంతా కోపమై వస్తోంది. అది వాళ్ళ నాన్నవైపు చూసి, మళ్ళీ చూపు తిప్పుకుని, గొంతు తగ్గించి నాకు మాత్రమే చెప్పింది.

"ఇంటికొస్తే నాన్నకు తెలిసిపోతుంది కదా. మెల్లగా కింద మెకానిక్ దగ్గరికి దిగిపోతే తుడిచేస్తాడు, చెప్పకపోయినా గడిచిపోతుంది అనుకున్నాను. తెలిస్తే నాన్న ఇంకెప్పుడైనా గుడ్డ పట్టుకుంటాడా?"

అది ఎంత మెల్లగా చెప్పినా ఆయన అక్కడే ఉన్నాడు, అడుగు దూరంలో. నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన కోసం నా కూతురు మలుపు మీద మలుపు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగింది. ఆ మాట విన్నాక నాకు వచ్చిన భయానికి దారిలో పడ్డ భయమంతా కలిపినా సాటిరాదు. ఇంత ప్రేమగల పిల్లను ఇంట్లో పెట్టుకుని ఇకమీద కంటినిండా నిద్రపోవడం ఎలా అనిపించింది.

కాసేపటికి అమ్మాయే కళ్ళు తుడుచుకుంది. ఇక్కణ్ణుంచి నడిపించుకుంటూ మెకానిక్ దగ్గరికి పోదాం, దుకాణానికి ఆలస్యమవుతుందని ఫోను చేస్తాను అంది. స్కూటరు పక్క స్టాండు కాలితో కిందికి తోసి, ముందుకి వచ్చి నిలబడింది. ఆయన ఇంకా బ్రేకు పట్టుకునే ఉన్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. అది మెల్లగా ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"స్టాండు వేశాను నాన్నా. ఆగే ఉంది. ఇక వదిలెయ్."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇల్లు వదిలాక ఆయన గొంతు వినడం అదే మొదటిసారి.

"నువ్వు దాని ముందునుంచి తప్పుకో తల్లీ. అప్పుడు వదులుతాను."

అమ్మాయి పక్కకి జరిగింది. అయినా ఆయన వదల్లేదు.