తొంభై రెండు శాతం దగ్గర

"అది చేసుకుంటోందిగా. నువ్వు దాని మొహం చూస్తూ కూర్చునేదేముంది? వచ్చి కాళ్లకి మందు రాయి," అంది అత్తగారు గుమ్మంలోంచి.

తెర మీద పదకొండు శాతం అని ఉంది. కోడలు లేచి వెళ్లింది.

తెర మీద అంకె కదులుతూ ఉంటే కోడలు ఖాళీ అని ఆ ఇంట్లో స్థిరపడిపోయింది. ఆమె ఇళ్ల లోపలి గదులను కంప్యూటర్‌లో గీస్తుంది. ఇంకా గోడలు లేని ఇంట్లో మంచం ఎక్కడుంటుంది, కిటికీలోంచి వెలుతురు ఎటు పడుతుంది, అన్నీ ఆమే తేల్చాలి. గీయడం అయ్యాక దాన్ని ఫోటోలాంటి బొమ్మగా మార్చేది కంప్యూటర్. ఈ పాత ప్రాసెసర్‌కి ఆ పనికి సగం రోజు పడుతుంది. గీస్తున్నంతసేపూ పనేనని ఎలాగో ఒప్పుకున్న ఇల్లు, బొమ్మ తయారయ్యేంతసేపూ ఆమెకి విశ్రాంతి అని తీర్మానించింది. ఆ విశ్రాంతిలో ఆమె, అత్తగారికి ఆయా ఉన్నా, కాళ్లకి మందు రాసింది, అంట్లు తోమింది, దుప్పట్లు ఉతికింది, ఫ్యాన్ రెక్కలు తుడిచింది. తడిచేత్తోనే మధ్య మధ్య వచ్చి, అంకె ఎక్కడిదాకా వచ్చిందో చూసి వెళ్లింది. అత్తగారు మాత్రం చుట్టాలకి ఫోన్లో "మా కోడలికేం, మిషన్ చేసిపెడుతుంది, కుర్చీలో కూర్చుంటుంది" అని చెప్పింది.

కంప్యూటర్ భర్తది. ఆటల కోసం కొన్నది. రంగురంగుల దీపాలు వెలిగే ఆ పెట్టెకి దుమ్ము తుడవడం ఆమె పని, దాని గురించి ఆలోచించడం అతని పని. ఏడాదిగా ఆలోచిస్తున్నాడు. ప్రాసెసర్ ఇప్పుడు మార్చాలా, ఆగాలా? అన్నం తింటూ వీడియోలు చూస్తాడు. "ఇప్పుడు కొంటే మదర్‌బోర్డు కూడా మార్చాలి. కాస్త ఆగితే కొత్త రకం వస్తుంది" అంటాడు. కొత్త రకం వచ్చాక, దాని తర్వాతది ఇంకా బాగుంటుందట అంటాడు. పెళ్లి చేసుకునేటప్పుడు అతను ఇందులో పదోవంతు కూడా ఆలోచించలేదు. అతని ఆటలకి ఆ ప్రాసెసర్ సరిపోతుంది. సరిపోనిది ఆమెకి. ఆ మాట అన్నప్పుడల్లా నవ్వి, "నీకేం తొందర, ఇంట్లోనేగా ఉండేది" అంటాడు.

మొన్న శనివారం మధ్యాహ్నం అతను ముందే ఇంటికొచ్చాడు. ఒక్క ఆట ఆడదామని కూర్చున్నాడు. ఆట ఆగి ఆగి నడిచింది. లోపల ఆమె బొమ్మ తయారవుతోందని అతనికి తెలుసు. దాన్ని ఆపేశాడు. ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి తెర మీద తుపాకులు పేలుతున్నాయి. అంతకుముందు చూసినప్పుడు తొంభై రెండు శాతం.

"ఆపేశారా?"

"మళ్లీ పెట్టుకో. నువ్వు చేత్తో గీసేదేమన్నా ఉందా? అదే చేస్తుంది," అన్నాడు తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

పని ఇచ్చే మేడమ్‌కి ఫోన్ చేసి కరెంటు పోయిందని చెప్పింది. "మీ ఇంట్లో కరెంటు శనివారాలే పోతుందేంటమ్మా?" అంది మేడమ్. ఆ తర్వాత గొంతు మార్చి, "ఈ నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ రోజుకో బొమ్మ రాకపోతే వేరే అమ్మాయికి ఇచ్చేస్తాను. లేదంటే నువ్వే ఆఫీసుకొచ్చి కూర్చో. కుర్చీ ఉంది, మిషన్ కొత్తది" అంది. ఇల్లు వదిలి రావడం కుదరదని ఆమె ఎప్పుడూ చెప్పేదే ఇప్పుడూ చెప్పింది.

ఆ సాయంత్రమే భర్తని అడిగింది. ఇప్పుడే మార్పించమని, లేకపోతే పని పోతుందని చెప్పింది. చూద్దాం అన్నాడు. నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు అన్నం దగ్గర ప్రకటించాడు.

"మార్చేద్దాం. బాగా ఆలోచించాను."

ఆమెకి నిజంగానే సంతోషమేసింది. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది.

"నీ పని గంటలో అయిపోతుంది. ఇంక పగలంతా ఖాళీయేగా. అమ్మకి ఆయా ఎందుకు? మానిపించేద్దాం."

"దాని చేతులు మరీ గరుకురా," అంది అత్తగారు. "ఒళ్లు రుద్దుతుంటే చర్మం ఊడొచ్చేలా ఉంటుంది."

తల్లీ కొడుకులు ఈ సంగతి ముందే మాట్లాడుకున్నారని ఆమెకి అర్థమైంది. ఏడాదిగా తేలనిది ఇవాళ ఎలా తేలిందో కూడా అర్థమైంది. మిషన్ నెమ్మదిగా ఉంటే ఎదురుచూసే కాలం వీళ్లది. వేగంగా ఉంటే మిగిలిన కాలం వీళ్లది. ఎంత మంచి ప్రాసెసర్ వేసినా ఈ ఇంట్లో ఆమెకి ఒక్క గంట కూడా తయారవదు. ఇన్నాళ్లూ ఆ పెట్టెని తిట్టుకుంది. పాపం దానిదేం తప్పు, పెట్టింది పెట్టినట్టు చేస్తూనే ఉంది, ఎవరో వచ్చి ఆపేదాకా.

"వద్దులెండి," అంది.

"ఏం వద్దు?"

"ప్రాసెసర్. ఆగితే ఇంకా మంచిది వస్తుందన్నారుగా."

"నీ పని పోతుందన్నావు?"

"పోదు. రేపటినుంచి ఆఫీసుకెళ్లి అక్కడే చేస్తాను. పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాను."

అత్తగారు కొడుకు వైపు చూసింది. కొడుకు కంచం వైపు చూశాడు.

"మరి అమ్మ?"

"ఆయా ఉంటుందిగా. మానిపించకండి."

"ఇలా ఉన్నట్టుండి అంటే ఎలా? కాస్త ఆలోచించాలి కదా," అన్నాడు.

"ఆలోచించండి. తొందరేం లేదు," అని, తన కంచం ఒక్కటే తీసుకుని లేచింది.