టీకప్పులు వణికే నేల

ఎఫీ తన ఇంటిని పాదాలతో వినేది.

ఆమె చెవులు ఏళ్ళ తరబడి మెల్లగా మూసుకుపోతూ వచ్చాయి. పొగమంచు కొండల్ని ఒక్కొక్కటిగా మింగినట్టు ముందు పిట్టల కూతలు పోయాయి, తరువాత పొయ్యి మీది కెటిల్ ఈల, ఆఖరికి మనుషుల మాటలు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేది. కంటికి కనిపించనిది నేల చెప్పేది. మొగుడు నీల్ పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టే పడవ దిగొచ్చి వెనకగదిలో బూట్లు విప్పుతుంటే వంటింటి చెక్కలు ఆమె అరికాళ్ళ కింద సన్నగా కదిలేవి. వాళ్ళ ఒడ్డున శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరు ఫిడేలు పట్టుకొచ్చేవారు. వంటింట్లో మడమలు టకటకలాడించి ఆడుతుంటే పాటంతా నేలలోంచి ఆమె మోకాళ్ళ దాకా ఎక్కేది. నీళ్ళ అడుగున కూర్చుని పైన కురుస్తున్న వానను వింటున్నట్టుండేది.

ఇప్పుడు సముద్రం గట్టును కోసుకుంటూ ఆ ఇంటి వెనక మెట్ల దాకా వచ్చేసింది. కొండ మీద కొత్త ఇల్లు కట్టక తప్పదు. దాని నేలకి ఏ దూలాలు వెయ్యాలో తేల్చుకోవడానికి ఆ ఉదయం మొగుడూ పెళ్ళామూ హెక్టర్ షెడ్డుకు వెళ్ళారు. హెక్టర్ నీల్‌కి బాబాయి కొడుకు. కేప్ బ్రెటన్ దీవిలో వాళ్ళుండే వైపు సగం ఇళ్ళు అతను కట్టినవే.

షెడ్డులో మోకాలెత్తున రెండు నమూనా నేలలు పక్కపక్కనే ఉన్నాయి. కిటికీ బయట పొగమంచు తప్ప ఏమీ కనబడటం లేదు.

"ఇది నిండు చెక్క. సగంలో ఒక అడ్డదూలం, దాని కింద స్తంభాలు. గుర్రం గెంతినా ఉలకదు," అన్నాడు హెక్టర్. "అది జాలీ దూలం. పైనొక చెక్క, కిందొక చెక్క, మధ్యలో ఏటవాలు పుల్లలు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకటే ముక్క. బలానికేం లోటు లేదు. కాకపోతే అటు చివర ఎవరైనా నడిస్తే ఇటు చివర బీరువాలో టీకప్పులు వణుకుతాయి. నా మాట విని నిండుదే వేసుకోండి."

సగం మాటలు అతని గడ్డంలోనే మునిగిపోయాయి. కప్పులు వణుకుతాయన్న ముక్క మాత్రం ఎఫీకి అందింది.

"మాకు జాలీవే వెయ్యి," అంది.

"ఎందుకమ్మాయ్?"

"నీళ్ళ గొట్టాలన్నీ ఆ సందుల్లోంచే పోతాయిగా. కింది గదిలో తలకి తగలవు."

"నీ తలకా! నువ్వు నిలబడినా కూర్చున్నట్టే ఉంటావు," అన్నాడు హెక్టర్.

"స్తంభాలు లేకపోతే కింద నీల్ లాబ్‌స్టర్ బోనులు పెట్టుకోవచ్చు."

నీల్ పకపకా నవ్వాడు. "బోనులు గుమ్మం దాటితే నన్ను కూడా బయటికి విసిరేస్తానన్నది నువ్వు కాదుటే?"

"సరేలే, జాలీవే వేస్తా," అన్నాడు హెక్టర్. "వాటి పొట్టల్లోంచి అడ్డంగా ఓ పలక దూర్చి అన్నిటినీ కలిపి బిగించేస్తా. ఇక ఆ వణుకు నీ దాకా రాదు."

ఎఫీకి కొత్త ఇల్లు కళ్ళ ముందు కదిలింది. తెల్లటి గోడలు, పెద్ద కిటికీలు, ఎవరు వచ్చిందీ ఎవరు వెళ్ళిందీ చెప్పని నేల. ఆ నేల మీద ఆమె మంచులో వదిలేసిన పడవలా కూర్చుని ఉంది.

ఆమె బూట్లు విప్పింది. నిండు చెక్కల నేల ఎక్కి, వాళ్ళకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"హెక్టర్, ఆ చివరకెళ్ళి చిందెయ్యి."

ఎదురుచూసింది. మంచు అద్దం మీద చుక్కలై జారుతోంది. కాళ్ళ కింద ఏమీ లేదు.

"ఇంకా మొదలెట్టవేం?" అంటూ వెనక్కి తిరిగింది.

హెక్టర్ చెమట తుడుచుకుంటూ ఆయాసపడుతున్నాడు. నీల్ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

ఎవరూ మాట్లాడకముందే ఆమె జాలీ దూలాల నేల మీదికి మారింది. "ఇప్పుడు దీని మీద."

ఈసారి వచ్చింది. మొదట వేళ్ళ కొసల్లో గిలిగింతలా, తరువాత మడమల్లోకి, పిక్కల్లోకి. కళ్ళు మూసుకుంది. చీకట్లో చేపపిల్లల గుంపు ఒక్కసారిగా మలుపు తిరిగినట్టు అడుగులు ఆమెలోంచి పోతున్నాయి.

"జిగ్ ఆడుతున్నావు," అంది. "ఎడమ కాలు వెనకబడుతోంది. ముసలాడివైపోతున్నావు."

అడుగులు ఆగిపోయాయి. నీల్ చుట్టూ తిరిగి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఎప్పటి నుంచే?"

"మీ అమ్మ తిట్లు వినపడటం మానేసినప్పటి నుంచి. మొదట్లో హాయిగానే ఉండేది."

నీల్ నవ్వబోయి ఆగాడు. ఆమె చెయ్యి పట్టుకుని, అరవకుండా, పెదవులు మాత్రం విప్పి విప్పి అడిగాడు. "చెప్తే ఏం పోయేది?"

"అప్పుడు మీరంతా నాతో చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఇదిగో, ఇలాగే."

నీల్ ఈసారి ఎప్పటిలాగే గొణిగాడు. "నీ మొండితనం తగలెయ్య." ఆ మాట ఆమెకు చక్కగా అందింది.

హెక్టర్ వచ్చి నేల అంచున కూర్చున్నాడు. జేబులోంచి పెన్సిలు తీసి చెక్క మీద ఇంటి గోడలు గీశాడు. అడ్డపలక వేస్తానన్న చోట గీత పెట్టలేదు. మీసాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, పెదవులు ఆమె వైపు పెట్టి అడిగాడు.

"నీ కుర్చీ ఎక్కడుంటుంది? వణుకు దూలం పొడుగునే బాగా నడుస్తుంది. తలుపు నుంచి సరిగ్గా నీ కాళ్ళ దగ్గరికి పరుస్తా."

ఎఫీ వంగి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. కట్టని ఇంట్లో, లేని గోడ పక్కన, వేలు పెట్టి చూపించింది.