బల్లా బల్సానా

ఆ ఇంట్లో భోజనాల బల్ల ఉంది గానీ దానిమీద భోజనం చేసి చాలా కాలమైంది. కళ్ళజోళ్ళాయన దాన్ని కబ్జా చేశాడు. పగలంతా దుకాణంలో జనం ముక్కులమీద అద్దాలు నిలబెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి చెక్కకి రెక్కలు కడతాడు. మొగుడూ పెళ్ళాం ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని తింటారు. కాళ్ళు బారజాపుకుని బల్లమీద దర్జాగా పడుకునేది బల్సా.

బల్సా కూడా చెక్కే, కాకపోతే బరువు తెలియని చెక్క. కళ్ళు మూసుకుని పట్టుకుంటే చేతిలో ఉందో జారిపోయిందో తెలియదు. దాంతో బొమ్మ విమానాలు కట్టుకునే కిట్లు పెట్టెల్లో వస్తాయి. సన్నటి పుల్లలు, పల్చటి కాగితం, ముందొక పంకా, పొట్టలో పొడుగాటి రబ్బరు. రబ్బరుని మెలిపెట్టి వదిలితే పంకా తిరిగి విమానం పైకి లేస్తుంది. మెలికలు అయిపోయాక గాలిలో తేలుతూ వచ్చి ఎక్కడో దిగుతుంది. ఎక్కడన్నది దాని ఇష్టం. ఆ ఇష్టమే కళ్ళజోళ్ళాయనకి ఇష్టం లేదు. రబ్బరు పీకేసి, మోటారూ బ్యాటరీ పెట్టి, తోక తిప్పే బుల్లి మోటార్లు రెండు కూర్చి, చేతిలో రిమోటుతో తను చెప్పినచోట దించాలని ఆయన పంతం. రబ్బరుకి పుట్టినదాన్ని కరెంటుకి దత్తతిస్తున్నానని చెప్పుకునేవాడు.

దత్తత రెండుసార్లు వికటించింది. మొదటి విమానం వెళ్ళేటప్పుడు బుద్ధిగానే వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు వచ్చింది తంటా. మనకెదురుగా వచ్చేదాని కుడి మనకి ఎడమ కదా. అద్దాలమ్ముకుని బతికే మనిషి ఆ అద్దపు తికమకలోనే పడ్డాడు. కుడికి తిప్పబోయి ఎడమకి తిప్పి, ఫుట్‌బాల్ మైదానంలో గోలు కర్రకి గురిపెట్టినట్టు కొట్టాడు. గోలు పడలేదు గానీ ఇంట్లో గోల పడింది. రెండోదానికి గాలిలో మోటారు కాస్త నీరసించింది. పడిపోతుందేమోనని కంగారుపడి ఆయన పైకి లాగాడు. వేగం లేనిదాన్ని పైకి లాగితే ఏమవుతుంది? ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆకాశంలో నిలబడి ఆలోచించి, రాయిలా కిందపడింది.

పుల్లల సంచితో ఆయన ఇంటికొచ్చిన రోజున భార్య ఎక్కువ మాట్లాడలేదు.

"ఇంకొక్కటి కట్టుకోండి. అది కూడా సంచిలో తిరిగొస్తే బల్ల నాది. ఈ ఇంట్లో ఉండాల్సింది బల్లా, బల్సానా, అప్పుడు తేలిపోతుంది."

తేలడమే కదా కావలసిందని జోకు వెయ్యబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు. బల్ల పోవడమంటే మామూలు మాట కాదు. ఇంకెక్కడా చోటు లేదు. బల్ల పోతే రెక్కలు పోయినట్టే.

ఆ మాట అన్నప్పుడు ఆమె అక్క మొగుడు అక్కడే ఉండటం ఇంకో ఖర్మ. ఈ తోడల్లుడికి ఇనుప సామాన్ల కొట్టుంది. ఆయన దృష్టిలో మేకు దిగనిది వస్తువే కాదు. ఆయనకీ ఒక రిమోటు విమానం ఉంది, తయారుగా కొన్నది. దాని మోటారుకి రెక్కలతో పని లేదు, ఇటుకని కట్టినా ఈడ్చుకుపోతుంది. వచ్చినప్పుడల్లా బల్లమీది పుల్లల్ని చూసి, తమ్ముడు కడుతున్నది విమానమా విసనకర్రా అని అడిగేవాడు. నాలుగు మేకులు పంపనా అని జాలిపడేవాడు. కళ్ళజోళ్ళాయన మాత్రం, అన్నయ్య మోటారు ఆగిన రోజున అన్నయ్య విమానం అన్నయ్య కొట్టులోనే అమ్ముకోవచ్చు, ఇనుము కింద, అనేవాడు.

మూడోది మొదలయ్యాక వంటింటి తూకం మిషను వంటింట్లో కనిపించలేదు. ప్రతి పుల్లనీ తూచాడు. జిగురు చుక్కలు తూచాడు. పెద్ద బ్యాటరీ వెనక్కిచ్చేసి అన్నిటికన్నా చిన్నది తెచ్చాడు. తోక దగ్గర బుల్లి మోటార్ల బరువుంది కాబట్టి, సీసం ముక్కలు కలపకుండా, ముక్కులో చిన్న తలుపు కోసి బ్యాటరీని చివరికంటా తోశాడు. తల బరువైతే నేలకి పొడుచుకుంటుంది, తేలికైతే తోకమీద కూలబడుతుంది. మనిషికైనా విమానానికైనా తలబరువు కొలతలో ఉండాలి. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే అది అటూ ఇటూ వాలకుండా నిలిచిన రోజున ఆయన వేళ్ళు దించనని మొరాయించాడు.

ఇక ఎదురుగా వచ్చేదాని సంగతి. దుకాణంలో నిలువుటద్దం ముందు రిమోటు పట్టుకుని, అద్దంలో తన మొహాన్నే విమానమనుకుని రోజూ సాధన చేశాడు. కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళు ముందు ఈయన కళ్ళు చూపించుకుంటే మంచిదనుకున్నారు.

రెక్కలకి కాగితం అంటించడం దగ్గర మాత్రం ఆయన పప్పులుడకలేదు. ఎంత లాగినా ముడతలే. భార్య బట్టలు కుట్టే దుకాణంలో కత్తిరించే పని చేస్తుంది. రెండు రోజులు అటు చూడకుండా తిరిగింది. మూడోరోజు ఆగలేకపోయింది. ఇది రెక్కా, పిండి ఆరేసిన దుప్పటా అంటూ కాగితమంతా ఊడబెరికింది. ఒక ముక్కని నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా చింపి చూసింది. బట్టకున్నట్టే కాగితానికీ పోగుంటుంది, ఏ వైపు తిన్నగా చిరిగిందో అదే పోగు. ఆ పోగు రెక్క పొడుగునా వచ్చేలా కత్తిరించి, అంటించి, నీళ్ళు చిలకరించింది. ఆరేసరికి కాగితం బిగుసుకుని, వేలితో కొడితే డోలు పలికినట్టు పలికింది. బల్లకోసం పందెం కాసిన మనిషే బల్సాకి బట్టలు కట్టింది. ఎందుకని అడిగితే, ముడతలు చూడలేక అంది.

ఆదివారం పొద్దున మైదానానికి భార్య వచ్చింది, తోడల్లుడు మడత కుర్చీతో సహా వచ్చాడు. కళ్ళజోళ్ళాయన విమానాన్ని చేత్తో ముందుకి వదిలాడు. అది పరుగెత్తలేదు, రంకె వెయ్యలేదు. మెట్లెక్కే పెద్దమనిషిలా పైకెళ్ళింది. మలుపు తిరిగి ఎదురొచ్చినప్పుడు కుడి కుడిలాగే, ఎడమ ఎడమలాగే వచ్చాయి. మైదానం చుట్టూ ఒక రౌండు చాలు, దించెయ్యొచ్చు. కానీ తోడల్లుడి మొహంలో నవ్వు కరగడం చూశాక అతని కోసం ఇంకోటి తిప్పాడు. భార్య కోసం ఇంకోటి. తన కోసం ఇంకోటి. చిన్న బ్యాటరీ అన్న సంగతి ఆ గాలిలో గాలికి పోయింది.

మైదానం ఆ చివర మోటారు ఆగిపోయింది.

బ్యాటరీ అడుగంటితే మోటారుకి కరెంటు ఆపేసి, మిగిలిందాన్ని తోక తిప్పడానికి దాచే ఏర్పాటు ఒకటుంది లోపల. ఆయనకి తెలుసు. తెలిసి ఏం లాభం? తోడల్లుడు కుర్చీలోంచి లేచాడు. బల్ల కళ్ళముందు కనిపించింది, దానిమీద ప్లేట్లు కూడా. బొటనవేలు తనంతట తనే పైకి లాగే మీట మీదికి పాకింది.

"లాగకండి," అంది భార్య వెనకనుంచి. "మోటారు లేకుండా దిగడం దానికి పుట్టుకతో వచ్చు. మీరు అడ్డం పడకండి."

ఆయన వేలు తీసేశాడు.

విమానం ముక్కు కొద్దిగా వంచింది. ఊపందుకుంది. మెలికలు అయిపోయిన రబ్బరు విమానాలు ఎలా దిగుతాయో అలాగే, ఏ తొందరా లేకుండా గాలిమీద ఆనుకుని తేలుతూ వచ్చింది. ఎండ కాగితంలోంచి దిగి లోపలి పుల్లలన్నీ కనిపించాయి. ఆయన చేసిందల్లా తోకని కాస్త ఇటు, కాస్త అటు కదపడం. తలలమీదుగా వెళ్తుంటే గాలికి కాగితం చేసే సన్నటి చప్పుడు ముగ్గురికీ వినిపించింది. వాళ్ళకి పది అడుగుల అవతల గడ్డిలో పొట్ట ఆనించి, కొంచెం జారి, ఆగింది.

ఆయన పరిగెత్తలేదు. నడిచాడు. ఆ నడక కళ్ళజోళ్ళ దుకాణం ఓనరుది కాదు, ఏకంగా విమానాశ్రయం ఓనరుది. ఈలోగా భార్య పరిగెత్తి విమానాన్ని ఎత్తుకుంది. రెక్క కింద ముల్లు గుచ్చుకుని గోరంత చిరిగింది, అంతే. మైదానం చుట్టూ నడవడానికొచ్చినవాళ్ళు ఆగి చూస్తుంటే, ఎవరూ అడక్కుండానే చెప్పింది.

"కట్టింది ఆయన. కాగితం నాది."

ఆ సాయంత్రం తోడల్లుడు చంకలో పెట్టెతో దిగాడు. ఎక్కడ సంపాదించాడో, బల్సా కిట్టు. దాన్ని చాలాసేపు దాస్తూ చూపిస్తూ, చూపిస్తూ దాస్తూ, చివరికి బయటపడ్డాడు. తన ఇంట్లో వీలు కాదట. ఇక్కడ ఓ మూల కాస్త చోటిస్తే చాలట. మరదలు కాగితం సంగతి చూస్తే ఇంకా మంచిదట. మేకులు మాత్రం తేలేదని ఒట్టేశాడు.

కళ్ళజోళ్ళాయన భార్యవైపు చూశాడు. ఆమె బల్లమీద విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, గోరంత చిరుగుకి గోరంత కాగితం అతికిస్తోంది. పోగు కలిసిందో లేదో దీపానికి పెట్టి చూసుకుని, తల ఎత్తకుండానే అంది:

"బల్లమీద చోటు లేదు బావగారూ. మేం నాలుగోది మొదలుపెడుతున్నాం."

కళ్ళజోళ్ళాయన లేచి వంటింట్లోకి వెళ్ళి, మూడు ప్లేట్లు తెచ్చి ముగ్గురి ఒళ్ళోనూ పెట్టాడు.