ఒకటే మెడ

ఉగ్గానికి నానేసిన బొరుగులు పిండుతూ అంజనమ్మ నడవలోకి తొంగిచూసింది. ఇరవై ఏళ్ళుగా ఎదురుపడితే ఉమ్మేసి పోయే రెండు పార్టీలూ ఈ రోజు ఒకే చాప మీద కూర్చున్నాయి. ఒకవైపు మరిది వెంకటేశులు, మరోవైపు అవతలి వీధి తిమ్మరాజు. ఈసారి సర్పంచి పదవి ఆడవాళ్ళకు రిజర్వయింది. ఇద్దరూ కలిసి అంజనమ్మను నిలబెడుతున్నారు, పోటీకి ఇంకెవరూ ఉండరు. ఈ రెండు పార్టీలు కలవడమంటే మామూలు సంగతా అని పెనుకొండ నుంచి వచ్చిన పెద్దలు మెచ్చుకుంటున్నారు.

పన్నెండేళ్ళ కిందట తిమ్మరాజు భార్య పద్మకు నొప్పులొస్తే, ఇంట్లో ఎవరూ లేని వేళ, అంజనమ్మే పోయి బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. ‘ఆ పార్టీ గడప తొక్కినదానికి ఈ గడప లేదు’ అని మొగుడు చెన్నకేశవులు ఆమెను రెండు రోజులు పశువుల కొట్టంలో ఉంచాడు. పచ్చి బాలింతరాలని కూడా చూడకుండా అవతల పద్మకూ దెబ్బలే. అయినా ఆ ఆడవాళ్ళిద్దరూ కలవడం మానలేదు. దాన్నెవరూ మెచ్చుకోలేదు. చెన్నకేశవులు పోయాక, వేరుశనగ బుడ్డలు ఒలిచే కూలికి పోయినచోట, పొట్టు పక్కకు తోసి నేల మీద వేలితో అంజనమ్మ చేత అక్షరాలు దిద్దించింది పద్మే. ఆ సంగతి మగవాళ్ళకు తెలియదు. అడిగినవాళ్ళూ లేరు.

పళ్ళేలు అందించాక వెంకటేశులు ఒప్పందం కాగితం, సిరాడబ్బా ముందుకు జరిపాడు.

“నీకేం కష్టముండదు వదినా. పేరు నీది, పని మాది. ఈడ ఏలిముద్ర ఎయ్యి చాలు.”

“ఈ ఉగ్గాని కారం పంచాయతీలో చూపించకపోతే అదే పదివేలప్పా,” అన్నాడు తిమ్మరాజు. అందరూ నవ్వారు.

అంజనమ్మ కొంగుకు చేయి తుడుచుకుని కాగితం అందుకుంది. పెదవులు కదలకుండా ఒక్కో అక్షరమే చదివింది. పంచాయతీ సీలు మొదటి రెండున్నరేళ్ళు వెంకటేశులు దగ్గర, తర్వాత తిమ్మరాజు దగ్గర. పైన పెద్దక్షరాలతో ‘ఏకగ్రీవం’. ఊరంతా అంటున్న ఆ మాటకు అర్థమేమని నిన్న అడిగితే పద్మ తన గొంతు మీద చేయి వేసి చూపించింది.

ఆమె సిరాడబ్బా మూత మూసింది. పెన్ను తీసుకుని సీలు గురించిన రెండు వరుసలూ కొట్టేసి, కింద గుండ్రంగా తన పేరు రాసింది.

“ఏకగ్రీవమంటే ఒకటే మెడంట గదా తిమ్మరాజన్నా,” అంది, ఖాళీ పళ్ళెం అతని ముందు నుంచి తీయకుండానే. “ఆ మెడ నాదైతే, దాని మీద తల గూడా నాదే ఉంటాది.”