పొయ్యి పక్కన పెట్టిన పిండి

లేబర్ రూమ్ మెట్లు దిగుతూ దిగుతూ లోవ, వాళ్ళ నాన్న నూకరాజు టిఫిన్ బండి దగ్గరికి వచ్చేస్తుంది. ఎలా వచ్చిందని ఆమెకేమీ వింతగా లేదు, ఎందుకంటే సెలైన్ స్టాండు కూడా చక్రాలు గడగడలాడించుకుంటూ వెంటే వస్తోంది, దాని కొక్కేనికి మందు సీసా పక్కనే అల్లం చట్నీ క్యాను వేలాడుతోంది, సీసాలోంచి బొట్టు బొట్టుగా పడుతున్నది మందో చట్నీయో ఎవరూ పట్టించుకోవడం లేదు. కాకినాడలో వంతెన దిగగానే వచ్చే ఆ మూలలోనే నూకరాజు ఇరవై ఆరేళ్ళు ఇడ్లీలు వేశాడు. ఇప్పుడు మాత్రం వంతెన కింద కాలువ లేదు, కాలువ ఉండాల్సిన చోట ఆస్పత్రి వరండా పారుతోంది, దాని మీద తెల్లచీరల నర్సులు పడవల్లా నెమ్మదిగా అటూ ఇటూ పోతున్నారు. ఎటు చూసినా ఇడ్లీ ఆవిరి, అందులో ఎండ పడి మెరుస్తోంది, ఆ మెరుపు వెనకాల నాన్న నిలబడి ఉన్నాడు.

ఆయన చనిపోయి నాలుగు నెలలు దాటిందని లోవకి తెలుసు, నాన్నకీ తెలుసు, అయినా ఆ సంగతి ఎత్తాల్సిన అవసరం ఇద్దరికీ కనిపించదు, బేరం అంత జోరుగా ఉంది మరి. బండి ముందు క్యూ కట్టిన వాళ్ళంతా నిండు చూలాళ్ళు, చేతుల్లో స్కానింగ్ ఫైళ్ళు పట్టుకుని టోకెన్ నంబర్ల ప్రకారం నిలబడ్డారు. నూకరాజు ఒక్కొక్కళ్ళకీ రెండేసి ఇడ్లీలు పెడుతూ, కారప్పొడి అడిగినవాళ్ళకి ఇప్పుడు వద్దమ్మా గుండెల్లో మండుద్ది, పిల్లని ఎత్తుకుని రండి అప్పుడేస్తాను అని చెబుతున్నాడు. భుజాన అదే నీలం గళ్ళ తువ్వాలు. దాని అంచున పొయ్యి నిప్పు పడి కాలిన చిల్లు, లోవ చిన్నప్పుడు ఏడిస్తే చాలు ఆ చిల్లులోంచి చూపుడువేలు బయటికి పెట్టి ఆడిస్తూ, సన్నటి గొంతుతో "ఎవరండీ అక్కడ?" అనేవాడు, లోవ ఏడుపు మర్చిపోయి ఆ వేలిని పట్టుకోవడానికి ఎగబడేది. ఇప్పుడూ కూతుర్ని చూడగానే అదే చేస్తాడు. లోవ పకపకా నవ్వేస్తుంది, నవ్వితే కుట్లు లాగుతాయని గుర్తొచ్చి తడుముకుంటుంది, చూస్తే కుట్లు ఆమెకి లేవు, బండి గొడుగుకి వరసగా పడి ఉన్నాయి.

"ఫోన్ చేస్తానన్నావు" అంటాడు నాన్న. కోపమేమీ లేదు, ఇడ్లీ రేకుల మీద తడిగుడ్డ పరుస్తూ మామూలుగా అంటాడు.

వాళ్ళిద్దరి మధ్య మిగిలిపోయింది ఆ ఒక్కటే. నొప్పులు మొదలవగానే మొదటి ఫోన్ నాకే, మీ ఆయనకి కాదు, మీ అమ్మక్కూడా కాదు, బండి అలాగే వదిలేసి వచ్చేస్తానని మాట తీసుకున్నాడు. లోవకి అయిదో నెల నిండేసరికి ఆయన గుండె ఆగిపోయింది. ఫోన్ ఇప్పుడు అమ్మ దగ్గరుంది, నంబర్ అదే, లోవ ఫోన్లో పేరూ అదే, అందుకే పిచ్చి అయితే పిచ్చే అనుకుని నొప్పులు రాగానే ఆ నంబర్‌కే చెయ్యాలని కాచుకుని కూర్చుంది. ఆ నొప్పులే రాలేదు. ఇచ్చిన తేదీ దాటి తొమ్మిది రోజులైంది, ఉమ్మనీరు తగ్గింది, ఇక ఆగకూడదని డాక్టరమ్మ ముందు మాత్ర పెట్టింది, తర్వాత నొప్పుల మందు కలిపి సెలైన్ ఎక్కించింది, నర్సు వాచీ చూసుకుంటూ అరగంటకోసారి బొట్లు పెంచింది, పధ్నాలుగు గంటల తర్వాత పిల్ల కెవ్వుమంది. ఇదిగో ఇప్పుడు మొదలయ్యాయి అని ఫోన్ తీసి చెప్పుకోవడానికి ఆ గంటల్లో లోవదంటూ ఒక్క క్షణం లేదు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళంతా సొంత నొప్పులా సూది నొప్పులా అని అడుగుతుంటే, కాపీ కొట్టి దొరికిపోయిన పిల్లలా సూది నొప్పులేనండీ అని గొణుగుతూ వచ్చింది.

"నొప్పులు వాటంతటవి రాలేదు నాన్నా. వాళ్ళే రప్పించారు."

"ఎవరు రప్పిస్తే ఏంటే, పడింది నువ్వా, వాళ్ళా?"

లోవ జవాబు చెప్పేలోగా నాన్న వంగి, బండి కింద నుంచి తువ్వాలు చుట్టిన పిండి గిన్నె బయటికి లాగుతాడు, మరి భుజం మీది తువ్వాలు ఎప్పుడు దిగిందో, గిన్నెకి ఎప్పుడు చుట్టుకుందో తెలీదు. పుష్యమాసం చలికి పిండి పొంగనప్పుడు ఏం చేసేవాణ్ణో గుర్తుందా అని అడుగుతాడు. ఎందుకు గుర్తులేదు, తువ్వాలు చుట్టి వేడి పొయ్యి పక్కన పెట్టి, నిద్రపోతున్న మనిషిని లేపినట్టు గిన్నె మీద మెల్లగా తట్టేవాడు.

"మరి ఆ ఇడ్లీ తిన్నోళ్ళు ఎవరన్నా, ఏం నూకరాజూ, ఇది దానంతటది పొంగిన పిండి కాదంటగా అని లేచెళ్ళిపోయారేటి?"

"లేదు. ఇంకో రెండు వేయించుకునేవాళ్ళు."

"పొయ్యి పొంగదే పిచ్చిదానా. పొంగేది పిండే" అంటాడు నాన్న, క్యూలో ఆడవాళ్ళంతా ఫైళ్ళు ఊపుతూ అవునవునంటారు. గిన్నె లోవ చేతుల్లోకి వస్తుంది. వెచ్చగా ఉంది, మూడు కిలోల నూటయాభై గ్రాములు ఉంటుంది, తూచక్కర్లేదు, లోపల ఏదో మెల్లగా కాళ్ళు చాపుతోంది. ఇప్పుడు చెయ్యి ఫోను అంటాడు నాన్న. చేతికి దొరికిన గరిటే చెవి దగ్గర పెట్టుకుంటుంది లోవ, రెండడుగుల దూరంలో నాన్న కుక్కర్ మూత తీసి చెవికి ఆనించుకుని, "హలో, నూకరాజు టిఫిన్స్" అంటాడు, బండికి ఎవరు ఫోన్ చేసినా అనే గొంతుతోనే.

"నాన్నా, నొప్పులొచ్చాయి" అంటుంది లోవ. ఆ మాట అనగానే ఒళ్ళంతా తేలికైపోతుంది, పక్కనున్న సెలైన్ స్టాండుకి ఆకులు మొలుస్తాయి. "పుట్టేసింది కూడా. ఆడపిల్ల."

"ఎవరి పోలికే?"

లోవ తొమ్మిది రోజులుగా పాలిస్తోంది, తడిగుడ్డలు మారుస్తోంది, భుజాన వేసుకుని తేన్పించడం కూడా వచ్చేసింది, పిల్ల మొహంలోకి మాత్రం తిన్నగా చూడలేదు. చెవులు చూసింది, అరికాళ్ళు చూసింది, కళ్ళు తెరిచే సమయానికి ఎప్పుడూ ఏదో పని కల్పించుకుని అటు తిరిగింది.

"చూడలేదు నాన్నా. భయం. హాయిగా పడుకున్నదాన్ని లాక్కొచ్చారు, నన్నెవరు రమ్మన్నారు అని అడుగుద్దేమోనని."

నూకరాజు మూత చెవి దగ్గర పెట్టుకునే పడీపడీ నవ్వుతాడు, ఆ నవ్వుకి ఆవిరంతా ఊగిపోతుంది, వరండాలో నర్సులు ఆగి వెనక్కి చూస్తారు.

"నేను రమ్మన్నానని చెప్పు. నీ పొట్ట దగ్గర మొహం పెట్టి, రావే, వేడివేడి ఇడ్లీ పెడతానని రోజూ పిలవలేదేటి? అన్ని పిలుపులు అందుకున్న పిల్ల, అడక్క ఏం చేసుద్ది, నా ఇడ్లీ ఏదని అడుగుద్ది. చూసొచ్చి చెప్పు ఎవరి పోలికో. ఫోన్ పెట్టను, లైన్లో ఉంటాను."

లోవ తువ్వాలు ముడి విప్పబోతుంటే ఆవిరి కమ్మేస్తుంది, ఆవిరిలోంచి ఎవరో భుజం పట్టి కుదుపుతారు.

మధ్యాహ్నం మూడైంది. పైన ఫ్యాను తిరుగుతోంది, బయట వాన, మంచం పక్కన అమ్మ అప్పయమ్మ. పాలవేళైందే లే అంటోంది. అంటూనే పిల్లని పక్కలో పడుకోబెట్టి, కాస్త తడబడుతూ సంజాయిషీ చెప్పుకుంటోంది, ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేసేదాకా పసిపిల్లకి పాతబట్టే చుట్టాలి కదా, నా చీరముక్కలేమో వానకి ఒక్కటీ ఆరలేదు, అందుకని పెట్టె తెరిచి మీ నాన్నది తీశాను, ఉతికిందేలే, ఏమీ అనుకోకు.

నీలం గళ్ళ తువ్వాలు. లోవ ఒక మోచేతి మీద లేచి, ఈసారి ఏ పనీ కల్పించుకోకుండా, పిల్ల మొహంలోకి చూస్తుంది. పిల్ల మేలుకునే ఉంది. ముక్కు నూకరాజుది, అచ్చం అదే, చివర కాస్త ఉబ్బి, పుటాలు విచ్చుకుని, ఇంత చిన్న మొహం మీద ఎలా పట్టిందో గానీ తెచ్చి అతికించినట్టుంది. తువ్వాలు అంచున కాలిన చిల్లులోంచి బియ్యపుగింజంత గోరుతో ఒక వేలు బయటికొచ్చి కదులుతోంది.

"ఎవరండీ అక్కడ?" అంటుంది లోవ, సన్నటి గొంతుతో.