లొకేషన్ పెట్టిన ప్రార్థన

"అత్తా, మీ ఫోటోలో ఎనకాల నీలం రంగు నీళ్ల ట్యాంకు ఉండాది సూడు, ఆ ఇంటికి గేటు వీధి పక్కనా, సందు పక్కనా?"

శనివారం పొద్దున. చేతినిండా దోసెపిండితో, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్న పరంజ్యోతికి ఆ గొంతు ఎవరిదో వెంటనే తెలియలేదు. తెలిశాక పిండిచెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరు, సుకుమారా?"

"నేనే. అల్లుని గొంతే మర్సిపోతే ఎట్లత్తా? పాయసం బాగా కాసినట్టుండారే! మాకూ ఒక మాట చెప్పింటే వచ్చేవాళ్లం కదా. సరేలే, రేపు ఆరాధన అయినంక మా సంఘ పెద్దాయన్ని తోడు పెట్టుకుని వస్తాండా. బట్టలు సర్దిపెట్టుకోమని మెర్లిన్‌కు చెప్పు."

ఫోను పెట్టేశాడు. ఆ వెంటనే ఒక ఫోటో వచ్చింది. రెండు రోజుల కింద పరంజ్యోతి తన చేతులతో తీసి, ఫేస్‌బుక్‌లో స్త్రీల సమాజం పేజీలో పెట్టిన ఫోటోనే. ఏడుగురు ఆడవాళ్లు నిలబడి నవ్వుతున్నారు. ఒక పక్కనుంచి పాయసం గిన్నె అందిస్తున్న చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఆ చేతి చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి పంపాడు. దాని కింద ఒక వాయిస్ మెసేజి. "మొహం దాచినావు, చెయ్యి దాచేది మర్సినావు. ఈ తూరి మంచిగా రాకపోతే రెండో చెయ్యి కూడా అట్లే అయితాది, చెప్పు దానికి."

మెర్లిన్ పరంజ్యోతి చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక ఆ పిల్లను నర్సింగు చదివించి, కుప్పం సంబంధం చూసి, సుకుమార్‌కిచ్చి పెళ్లి చేసింది పరంజ్యోతే. సుకుమార్ శాంతిపురం దగ్గర రాళ్లు పాలిష్ పట్టే చోట సూపర్‌వైజరు. గుడిలో గిటారు వాయిస్తాడు. రెండేళ్లలో ఆ పిల్ల కుడి మణికట్టు విరిచాడు. కట్టు సరిగ్గా పడక అది వంకరగా అతుక్కుంది. మెర్లిన్ మదనపల్లెకు, పెద్దమ్మ ఇంటికి వచ్చేస్తే గేటు ముందుకొచ్చి వీధంతా వినేలా అరిచిపోయాడు. అందుకే మూడు నెలల కింద ఎవరికీ తెలియకుండా పుంగనూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం, రాజమ్మ అనే ఆమె ఇంట్లో వెనకవైపు రెండు గదులు చూసిపెట్టింది పరంజ్యోతి.

అంత జాగ్రత్తపడిన మనిషే ఈ పని చేసింది.

సమాజంలో ఒక పద్ధతి ఉంది. ఏ సహోదరి కొత్త ఇంట్లో చేరినా, అది అద్దె గదైనా సరే, అందరూ పోయి పాలు పొంగించి, గది గదిలో నిలబడి ప్రార్థన చేస్తారు. ఆ కబురు చుట్టుపక్కల ఊళ్ల సమాజాలకు పంపుతారు. ఆ రాత్రి కుప్పంలోనూ పలమనేరులోనూ ఆడవాళ్లు ఆ ఇంటిని ఊరి పేరుతో సహా ఎత్తి ప్రార్థిస్తారు. ఒకప్పుడు పోస్టుకార్డు మీద రాసేవాళ్లు. పదకొండేళ్లుగా కార్యదర్శి పరంజ్యోతే. కార్డులు పోయి ఫోను వచ్చాక పని సులువైంది. ఫోటో, రెండు మాటలు, లొకేషన్.

మెర్లిన్ ఇంటి విషయంలో మూడు నెలలు భయంతో ఆపిన ఆ ప్రార్థన గురువారం జరిగింది. మెర్లిన్‌ను ఫోటోలోకి రానివ్వలేదు. పేరు రాయలేదు. "మన సహోదరి ఒకరి కొత్త గృహం. ఈ గోడల చుట్టూ దేవుని కాపుదల ఉండునట్లు ప్రార్థించండి" అని మాత్రం రాసింది. ఎక్కడ అని ఫోను అడిగితే, ఎప్పటిలాగే వేలు తనంతట తాను పోయి ఊరూ వీధీ నొక్కింది. కుప్పం సమాజంలో సుకుమార్ తల్లి ఉందన్న సంగతి ఆ క్షణాన గుర్తే రాలేదు.

చెయ్యి కడుక్కుని ముందు ఆ ఫోటో తీసేసింది. తర్వాత భర్త ఆల్విన్‌కు వాయిస్ మెసేజి వినిపించింది. ఆయన రిటైరైన స్కూలు మాస్టరు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కోపంలో అనుంటాడు లేవే జ్యోతీ. తీసేసినావు కదా. ఆ మెసేజి కూడా తీసెయ్. పెద్దాయన్ని తీసుకొస్తానంటాండాడు అంటే రాజీకే."

"విన్నారా మీరు సరిగ్గా? రెండో చెయ్యి అన్నాడు."

"విన్నా. అందుకే చెప్తాండా, మనం దీన్ని పెద్దది చేస్తే వాడింకా రెచ్చిపోతాడు."

పరంజ్యోతి మెసేజి తీసెయ్యలేదు. చీర మార్చుకుని పుంగనూరు బస్సెక్కింది.

బస్సులో కళ్లు మూసుకుంటే ప్రార్థన రాలేదు, ప్రశ్న వచ్చింది. తల వెంట్రుకలు కూడా లెక్కపెట్టే దేవునికి ఇల్లు దొరకదనా మనం వీధి పేరు పెట్టేది? ఆయన కోసం కాదు. మరి ఎవరి కోసం? మన సమాజం ఎంత పని చేస్తోందో నలుగురూ చూడాలని కాదూ? గురువారం ఆ ఫోటోకు వచ్చిన ఆమెన్‌లు ఎన్నో తాను మూడుసార్లు చూసుకుంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి బస్సు సగం దారి పోవాల్సి వచ్చింది.

పుంగనూరులో దిగేసరికి నిర్ణయం చేసుకుంది. ఈ సాయంత్రమే పిల్లను బెంగళూరు పంపించెయ్యాలి. సమాజంలో తోటి సభ్యురాలు బీనా కూతురు అక్కడ హాస్టల్లో ఉంది. రెండు బ్యాగులు చాలు.

మెర్లిన్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, రాజమ్మతో పాటు ఆవుకు కుడితి పెడుతోంది. రాజమ్మది చౌడేపల్లె దగ్గర పల్లె. కాపు కుటుంబం. భర్త గోవిందప్ప పాల కేంద్రానికి పాలు పోసి వచ్చేదాకా ఇంటికి ఆమే కాపలా. పరంజ్యోతి చెప్పింది విని, ఫోటో చూసి, మెసేజి విని, మెర్లిన్ ఎర్రగుండ్రం వైపే కాసేపు చూసింది.

"వాడు విరిసింది వాడు గుర్తుపట్టకుండా ఉంటాడా" అంది.

"తప్పు నాదే తల్లీ. నన్ను ఎంతైనా తిట్టు. ముందు బట్టలు సర్దుకో. సాయంత్రం బస్సుకు..."

"యాడికి?"

"బెంగళూరికి."

"ఆడ ఎవురైనా పుట్టినరోజు ఫోటో పెడితే? ఆడనుంచి యాడికి?" మెర్లిన్ గొంతు పెరగలేదు. "కుప్పం ఇడిసి నీ ఇంటికొచ్చినా. నీ ఇల్లు ఇడిసి ఈడికొచ్చినా. చెయ్యి ఇరిసినోడు ఇంట్లో తిని పడుకుంటాండాడు. ఇరగ్గొట్టించుకున్నదాన్ని నేను బ్యాగు మోస్తాండా. నేను పోను పెద్దమ్మా."

"వాడు రేపొస్తాడే!"

"రానీ. వచ్చేలోపు మనం పోవాల్సిన తావు ఒకటుండాది."

పోలీసు స్టేషన్. పరంజ్యోతి యాభై నాలుగేళ్లలో ఆ గడప తొక్కింది లేదు. కుటుంబ గొడవలు పాస్టరయ్య దగ్గర, ప్రార్థనలో, కన్నీళ్లతో తీర్చుకోవాలని ఎందరు కోడళ్లకు ఆమే చెప్పిందో. తీరాయా అవి? తీరాయని ఆమె అనుకుంది, అంతే. వాళ్లను మళ్లీ అడగలేదు.

"యాల ఆలోచిస్తాండావమ్మా?" అంది రాజమ్మ కుడితి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ. "నువ్వు రాకపోతే నేను పోతా తోడు. నా ఇంటి ఫోటో కూడా పెట్టేసినావు కదా, నాకూ పనుండాది ఆడ."

పరంజ్యోతి సిగ్గుతో తలవంచుకుని, ముందు తానే గేటు దాటింది.

స్టేషన్లో నీలిమ అని ఒక మహిళా కానిస్టేబుల్ వాళ్లను కూర్చోబెట్టింది. మెసేజి రెండుసార్లు విని, "ఇది తీసెయ్యలేదు, మంచి పని చేసినారు" అంది. తర్వాత ఫోను తిప్పి, "ఫోటో ఏదమ్మా, మీ పేజీలోది?" అని అడిగింది.

"తీసేసినా."

"ముందే స్క్రీన్‌షాట్ పెట్టుకోవాల. సరేలే, ఆయన పంపింది ఉండాది కదా." చేతికి కాగితమిచ్చి, "ఎవురు ఎవురికి ఎప్పుడు చెప్పినారో అంతా రాయండి. లొకేషన్ ఎవురు పెట్టినారో అది కూడా" అంది.

మెర్లిన్ ఎడమచేత్తో తన ఫిర్యాదు రాసింది. పక్కనే కూర్చుని పరంజ్యోతి తన వాంగ్మూలం రాసింది. "నేను మదనపల్లె స్త్రీల సమాజం కార్యదర్శిని. ఆ ఇల్లు ఎక్కడుందో లోకానికి తెలిపినది నేనే" అని మొదలుపెట్టింది. అక్షరాలు వంకర పోయాయి గానీ కొట్టివేతలు లేవు.

ఆదివారం, పెళ్లయ్యాక మొదటిసారి, పరంజ్యోతి ఆరాధనకు పోలేదు. బీనాకూ ఇంకో నలుగురికీ ముందురాత్రే విడివిడిగా ఫోన్లు చేసింది. గ్రూపులో ఒక్క మాట పెట్టలేదు. వాళ్లు పాటల పుస్తకాలు పట్టుకుని తొలి బస్సుకే వచ్చేశారు. బీనా లావుగా, ఆయాసంతో దిగి, "గుడి మానిపించినావు, పాపం నీ ఖాతాలోకే" అంటూ రాజమ్మ అరుగు మీద సగం ఆక్రమించింది.

"పాడేవాళ్లకు కాఫీలు ఇస్తా, ఆవును మాత్రం బెదిరించొద్దు" అంది రాజమ్మ.

పన్నెండు దాటాక తెల్లకారు వచ్చి సందు మొదట్లో ఆగింది. సుకుమార్ దిగాడు, ఇస్త్రీ చొక్కా, గుడి నుంచి నేరుగా వచ్చినట్టు. వెనక తెల్లజుట్టు పెద్దాయన. గేటు లోపల అరుగు నిండా ఆడవాళ్లను చూసి సుకుమార్ నవ్వాడు.

"ఏందత్తా, ఇంతమందిని పిల్సినావు? ఈ పొద్దూ పాయసమేనా?"

"లేదు నాయనా, ఉత్త ప్రార్థనే. నువ్వు బయటనుంచే చెయ్యొచ్చు" అంది బీనా.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "పరంజ్యోతమ్మా, మీరు తెలిసినవాళ్లు. భార్యాభర్తల మధ్యలోకి ఇంతమంది ఎందుకు? పిల్లను పంపండి, నేను బాధ్యత తీసుకుంటా."

"ఆ చేతికి ఎవరు బాధ్యత తీసుకున్నారయ్యా?" అంది పరంజ్యోతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరు పెద్దలు. ఈయన నాకు పంపిన మెసేజి మీకు వినిపించినాడా?"

ఆయన సుకుమార్ వైపు చూశాడు. పరంజ్యోతి ఫోను ఎత్తి పట్టుకుని నొక్కింది. సందులో గొంతు స్పష్టంగా వినిపించింది. రెండో చెయ్యి కూడా అట్లే అయితాది. పెద్దాయన మొహంలో రంగు మారింది. ఒక అడుగు వెనక్కి, కారు వైపు వేశాడు.

"కోపంలో అన్నాలే పెద్దయ్యా..." అంటూ సుకుమార్ గేటు గడియ మీద చెయ్యేశాడు.

లోపలినుంచి మెర్లిన్ వచ్చింది. ఆసుపత్రి యూనిఫాంలో ఉంది, రెండింటికి డ్యూటీ. ఆడవాళ్లు లేవబోతే వద్దని తల ఊపి, గేటుకు ఒక బారెడు దూరంలో నిలబడింది.

"గడియ మీద చెయ్యి తియ్."

"మెర్లిన్, సూడు..."

"నేను యాడుండానో నీకు తెలుసు. సంతోషం. నీకు తెలుసని స్టేషన్లో కూడా తెలుసు. నిన్ననే రాసిచ్చినా. పొద్దున ఒక తూరి వచ్చి సూసి పోయినారు, నువ్వొస్తే ఫోన్ చెయ్యమన్నారు. రాజమ్మక్క చేసేసింది. ఇంక నువ్వు ఈడ నిలబడాలంటే నిలబడు. నేను డ్యూటీకి పోవాల."

సుకుమార్ అటూ ఇటూ చూశాడు. ఎదురింటి మేడ మీద ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. పాలక్యాను ఉన్న బండి తోసుకుంటూ గోవిందప్ప సందులోకి వచ్చి కారుకు అడ్డంగా స్టాండు వేశాడు. ఆడవాళ్లలో ఎవరో పాట ఎత్తుకున్నారు, శ్రుతి సరిగ్గా కుదరలేదు. సుకుమార్ గడియ వదిలాడు.

పోలీసులొచ్చి అతన్ని మాట్లాడాల రమ్మని తీసుకుపోయేటప్పటికి మెర్లిన్ వెనకవైపు గేటునుంచి ఆసుపత్రికి పోయి పదిహేను నిమిషాలైంది. వెంట వస్తానన్న పెద్దమ్మకు ఒకటే చెప్పింది. "నువ్వు రావద్దు. నువ్వొస్తే నాకు భయమని అందరికీ తెలుస్తాది."

మరుసటి ఆదివారం మదనపల్లె గుడిలో సాక్ష్యాల సమయంలో పరంజ్యోతి లేచింది. ఆల్విన్ ఆమె కొంగు పట్టుకుని లాగబోయి, ఏమనుకున్నాడో వదిలేశాడు. ఆమె తాను చేసింది చెప్పింది, మనుషుల పేర్లు లేకుండా, ఊరి పేరు లేకుండా. ఇకమీదట సమాజం ఏ ఇంటి ఫోటో పెట్టదని, ఆ పేజీని శుక్రవారమే మూసేశానని, ఎవరికైనా అభ్యంతరముంటే వేరే కార్యదర్శిని ఎన్నుకోవచ్చని చెప్పింది. వెనక బల్లల్లో గుసగుసలు లేచాయి. ముందు బల్లలోంచి అక్కడి సంఘ పెద్ద ఒకాయన చాలించమన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇంకా అయిపోలేదయ్యా" అంది పరంజ్యోతి. అన్నీ చెప్పాకే ఆగింది.

పక్క బల్లలోంచి సుహాసినమ్మ మెల్లగా లేచింది. ఎనభై దగ్గర పడిన మనిషి, నిజంగా జాలితోనే అడిగింది. "అయ్యో, ఎవరమ్మా ఆ పిల్ల? యాడుండాది ఇప్పుడు? పేరూ ఊరూ చెప్తే రోజూ ప్రార్థనలో పెట్టుకుంటా."

పరంజ్యోతి ఆమె వైపు ప్రేమగానే చూసింది.

"ఉండాదక్కా, బాగుండాది. యాడుండాదో మాత్రం చెప్పను."